ఆరు చుట్ల ముడి

ఆ శనివారం ఉదయం కళ్ళజోళ్ళాయన పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటికి షాపు తెరిచేలోగా ఒక ముడి వేయాలి. గాలపు కొక్కేనికి దారం కట్టే ముడి. లోకంలో ఎంతోమంది పొద్దున్నే ఇంతకంటే పెద్ద పనులు పెట్టుకుని టీ చల్లారేలోపే ముగించేస్తారు. కళ్ళజోళ్ళాయనకి మాత్రం ఈ ముడి ఏడాదిగా కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది.

సంగతేమిటంటే, ఆయన మామగారు తపాలా ఆఫీసులో ముప్పయ్యేళ్ళు పార్సిళ్ళు కట్టి రిటైరైన మనిషి. ఆయన కట్టిన పార్సిలు అందుకున్నవాళ్ళు కత్తెర వెతుక్కోవాల్సిందే గానీ, ఆ ముడి విప్పినవాడు లేడు. రిటైరయ్యాక ఆ చేతులు ఊరుకోలేక చేపలవైపు మళ్ళాయి. చెరువులో ఏటా ఒక ఆదివారం గాలాల పోటీ పెడతారు. మామగారి పడవలో సీట్లు రెండే. ఒకటి మామగారిది. రెండోదాన్ని కిందటేడు పెద్ద మనసు చేసుకుని అల్లుడికిచ్చారు.

కిందటేడు అల్లుడి గాలానికి ఒక మహా చేప తగిలింది. ఎంత పెద్దదో చూసినవాళ్ళు లేరు, ఎందుకంటే అది పైకి రాలేదు. మామగారు నెలరోజులు కూర్చుని చెక్కి, మొప్పలకి ఎర్రరంగు వేసిన కొయ్య ఎరని కొక్కెంతో సహా నోట కరుచుకుని వెళ్ళిపోయింది. మిగిలిన దారం కొసని మామగారు ఎండలోకి ఎత్తి చూశారు. "తెగిన దారమైతే కొస తిన్నగా ఉంటుంది. ముడి జారితే స్ప్రింగులా మెలిదిరిగి ఉంటుంది. ఇదెలా ఉందో నువ్వే చెప్పు" అన్నారు. స్ప్రింగులాగే ఉంది. ఆ కొసని ఆయన ఒక పాత డైరీలో అతికించి, ఏడాదిగా ఎదురైన ప్రతివాడికీ చూపిస్తున్నారు. అల్లుడి షాపు ఉన్న వీధిలో మంగలి షాపు నుంచి జిరాక్సు షాపు దాకా ఆ కొసని చూడని మనిషి లేడు.

ఈ ఏడు మామగారు తాడో పేడో తేల్చేశారు. "రేపే పోటీ. ఇవాళ పన్నెండింటికి మీ ఇంటికొస్తా. ముడి వేసి ఉంచు. నేను లాగి చూస్తా. నిలబడితే సీటు నీది. జారితే మీ తోడల్లుడిది" అని, మూడు వందల మీటర్ల సన్నటి నైలాను దారం రీలు ఒకటి చేతిలో పెట్టారు. కొక్కేలు ఇవ్వలేదు. పోయిన కొక్కెం గురించి ఇంకా బాధ తీరలేదు. "ఏ రింగుకైనా కట్టు. ముడి ముడే. నేను చూసేదాకా దారం మాత్రం కొయ్యకు" అన్నారు.

తోడల్లుడు రబ్బరు స్టాంపులు తయారుచేస్తాడు. చెడ్డవాడేమీ కాదు. కిందటేడు ఆ కొసని చూసి, ఏమీ అనకుండా చిన్నగా నవ్వాడు. కళ్ళజోళ్ళాయన చచ్చినా మరిచిపోలేనిది ఆ నవ్వునే.

ఇల్లు పైన, షాపు కింద. పడగ్గదిలో బీరువా తలుపుకి తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. దాని తలకి చక్కటి గుండ్రటి చిల్లు. కళ్ళజోళ్ళాయన షాపు తెల్లకోటు తొడుక్కుని, కుర్చీ లాక్కుని బీరువా ముందు కూర్చున్నాడు. దారం కొసని చిల్లులోంచి దూర్చాలి. వెనక్కి తెచ్చి, అసలు దారం చుట్టూ ఆరు చుట్లు తిప్పాలి. కొసని చిల్లు పక్కనే మిగిలిన చిన్న సందులోకి పంపాలి. అప్పుడొక పెద్ద ఉచ్చు ఏర్పడుతుంది, కొసని మళ్ళీ అందులోంచి బయటికి తీయాలి. ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించాలి. తడపకుండా లాగితే రాపిడికి దారం బలం పోతుంది. ఇదంతా ఆయనకి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినంత బాగా వచ్చు. చేతులకే రాలేదు.

మొదటిసారి వేసింది విడిపోయింది. రెండోసారి తన చొక్కా గుండీని కూడా కలిపి కట్టేశాడు. భార్య తడిబట్టలు ఆరేయడానికి వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"ఏమండీ, నేనొకసారి చూడనా?"

"నువ్వా? ఇది జడకి రిబ్బను కట్టడం కాదు."

ఆవిడ బట్టల బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. మూడోసారి వేసిన ముడిని కళ్ళజోళ్ళాయన ఒళ్ళంతా కళ్ళు చేసుకుని బిగించాడు. లాగాడు. నిలబడింది! మళ్ళీ లాగాడు. బీరువా తలుపు కిర్రుమంది గానీ ముడి కదల్లేదు. ఆయన ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. "ఈ దారాన్ని ఎవరూ ముట్టుకోవద్దు! పన్నెండింటిదాకా ఇది ఇలాగే ఉండాలి!" అని ఇల్లు దద్దరిల్లేలా చెప్పాడు.

అంతలో కింద నుంచి కేక వినిపించింది. "షాపు తీసేదుందా, లేక కళ్ళు మూతపడ్డాక తీస్తారా?" అది హెడ్మిస్ట్రెస్ గారి గొంతు. ఆవిడ రిటైరై ఎనిమిదేళ్ళయినా, ఆ గొంతు వింటే వీధిలో సగంమంది ఇప్పటికీ చేతులు కట్టుకుంటారు. కళ్ళజోళ్ళాయన హడావిడిగా లేచాడు. చేతిలో ఏముంటే అది కోటు జేబులో పడేయడం ఆయనకి ఇరవయ్యేళ్ళ అలవాటు. స్క్రూడ్రైవర్లూ, ముక్కుపట్టీలూ, ఒక్కోసారి కస్టమర్ల కళ్ళజోళ్ళూ అందులోకే పోతాయి. ఇప్పుడు రీలు పోయింది. ఆయన మెట్లు దిగుతుంటే జేబులో అది గిర్రున తిరిగింది. ఆయనకి తెలియలేదు.

హెడ్మిస్ట్రెస్ గారు కొత్త కళ్ళజోడు పెట్టుకుని, గోడ మీది అక్షరాల బోర్డు అడుగు వరుస దాకా తడుముకోకుండా చదివేశారు. తరవాత కళ్ళజోళ్ళాయన వైపు తిరిగి మొహం చిట్లించారు.

"ఇందులో గీత పడింది."

"కొత్త అద్దాలండీ. గీత ఎందుకు పడుతుంది?"

"నన్నడుగుతారేం? మీ నడుము దగ్గర్నుంచి మొదలై గుమ్మం దాకా వెళ్ళింది."

ఆయన కళ్ళజోడు తీసుకుని, గుడ్డతో తుడిచి, దీపం ముందు తిప్పి చూశాడు. అద్దం కడిగిన ముత్యంలా ఉంది. ఆవిడ మళ్ళీ పెట్టుకున్నారు. గీత అక్కడే ఉంది. "మీరు అటు జరగండి. ఆఁ, గీత కూడా అటు జరిగింది. ఇటు రండి. ఇటొచ్చింది."

కళ్ళజోళ్ళాయన గొంతు తగ్గించాడు. "అమ్మా, అద్దంలో గీతైతే మీరు కదిలితే కదలాలి. నేను కదిలితే కదులుతోందంటే... కంట్లో ఏమైనా..."

"నా కంట్లో ఏమీ లేదు. నలభయ్యేళ్ళు ఆఖరి బెంచీలో కాపీ కొట్టేవాణ్ణి ఈ కళ్ళతోనే పట్టుకున్నాను" అని ఆవిడ కళ్ళజోడు బల్లమీద పెట్టేసి, గొడుగులేకుండా ఎండలోకి వెళ్ళిపోయారు.

పొద్దున్నే ఇలాంటి బోణీ అయ్యేసరికి కళ్ళజోళ్ళాయన మనసు పాడైంది. ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరికి వెళ్ళి, అలవాటు ప్రకారం దాని గుంజ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నీడవైపు నిలబడి టీ తాగి తిరిగొచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చున్నాడో లేదో మంగలి పరుగెత్తుకొచ్చాడు. అతనికి నిన్న సాయంత్రమే కళ్ళజోడు ఇచ్చారు. చేతిలో కత్తి, చెవి మీద నురగ.

"అన్నా, కొంప ముంచావు! వీధివైపు చూస్తే గాల్లో గీత, అటోటి ఇటోటి రెండున్నాయి. కస్టమరు మెడ మీద కూడా గీత కనపడితే నేను కత్తి ఎక్కడ పెట్టాలి?"

కళ్ళజోళ్ళాయన గుమ్మంలోకి వచ్చి వీధంతా పరకాయించి చూశాడు. ఆయనకి టీ బండి కనపడింది, దాని వెనక కుక్క కనపడింది. గీత కనపడలేదు. టీ బండి వాడిని పిలిచి అడిగారు. వాడు పదేళ్ళ నాటి కళ్ళజోడులోంచి తొంగిచూసి, ఏమీ లేదన్నాడు. మంగలి తన కొత్త కళ్ళజోడు తీసి వాడి ముక్కుమీద పెట్టాడు. టీ బండి వాడు ఉలిక్కిపడ్డాడు.

"ఉంది సార్! నా బండి దగ్గరే మలుపు తిరిగింది!"

ఇక అనుమానం లేదు. పాతవి పెట్టుకుంటే గీత లేదు, కొత్తవి పెట్టుకుంటే ఉంది. ఈ వారం కళ్ళజోళ్ళాయన ఒకే పెట్టెలోంచి తీసిన అద్దాలతో ఎనిమిది జతలు చేశాడు. ఎనిమిదీ ఈ వీధివాళ్ళవే. వెంటనే అద్దాల కంపెనీకి ఫోను చేశాడు.

"మీ అద్దాల్లో గీత పడుతోందండీ. ఒకే గీత, అందరికీ."

అవతలి మనిషి చాలాసేపు ఆలోచించాడు. "అందరికీ ఒకే చోట కనిపిస్తోందా?"

"అవునండీ. టీ బండి దగ్గర మలుపు తిరుగుతోంది."

అవతలి మనిషి ఇంకా ఎక్కువసేపు ఆలోచించి, "మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి" అని ఫోను పెట్టేశాడు.

విశ్రాంతి తీసుకునే వేళా ఇది? ఇరవయ్యేళ్ళ పేరు ఒక్కపూటలో పోయేలా ఉంది. బయట ఉన్న ఏడు జతల్నీ తక్షణం వెనక్కి తెచ్చేయాలని కళ్ళజోళ్ళాయన బయల్దేరాడు. మెట్ల దగ్గరికి రాగానే పైనుంచి భార్య బాల్కనీలోకి వంగి పిలిచింది.

"ఏమండీ, మీ ముడి సంగతి..."

"దాని జోలికి పోకు! మామయ్య వచ్చేదాకా అది అలాగే ఉండాలి!"

"అలాగే ఉంచాను లెండి. అది కాదు, మీరు..."

ఆయన అప్పటికే మంగలి షాపులోకి దూరాడు. మంగలి కళ్ళజోడు ఊడబెరుక్కుని, తిరిగే కుర్చీ చుట్టూ తిరిగి, వెనక తలుపులోంచి సందులో పడ్డాడు. సందులోంచి దర్జీ షాపు. బల్ల దాటి లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేలోగానే దర్జీ నెత్తిమీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"గుడ్డ పరిచా. గీత గీసే ఉంది. నేనే గీసి మరిచిపోయాననుకుని కత్తెర వేశా. కోసింతర్వాత చూస్తే ప్యాంటు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది."

మంగలి షాపు వెనక తలుపులోంచి వచ్చిన దారమే దర్జీ బల్లమీదుగా కూడా పోతోందని చెప్పేవాళ్ళు అక్కడెవరూ లేరు. కళ్ళజోళ్ళాయన దర్జీ కళ్ళజోడు కూడా తీసుకుని, బల్ల కిందినుంచి దూరి, అడ్డదారిన పుస్తకాల షాపులోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి జిరాక్సు షాపు. అక్కణ్ణుంచి మందుల షాపు. అక్కణ్ణుంచి పైన టైలరమ్మ గది, ఆవిడ మెట్లు దిగితే కనబడే బస్టాపులో టికెట్ల పెద్దాయన. ఎక్కడికెళ్ళినా అదే మాట. "ఇందాక లేదండీ. మీరు రాగానే మొదలైంది." ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మరింత సిగ్గుపడి, మరింత వేగంగా నడిచాడు. జేబులో రీలు మరింత వేగంగా తిరిగింది.

షాపుకి తిరిగొచ్చేసరికి బల్లమీద ఫోను మోగుతోంది. పైనుంచి భార్య.

"ఏమండీ, బీరువా నడుస్తోంది."

"ఏమిటీ?"

"బీరువా అండీ. ఇందాక గోడ దగ్గరుంది. ఇప్పుడు మంచం పక్కన నిలబడింది. మీరు ఎటెళ్తే అటు..."

కళ్ళజోళ్ళాయన తల పట్టుకున్నాడు. "నువ్వు కూడా ఆ పెట్టెలో అద్దాలు పెట్టుకున్నావా?"

"నాకు కళ్ళజోడే లేదు కదండీ!"

"అయితే పడుకో. లేచేసరికి అదే సర్దుకుంటుంది" అని పెట్టేశాడు. ఈలోగా కళ్ళజోళ్ళు పోగొట్టుకున్నవాళ్ళంతా ఒకరి భుజం ఒకరు పట్టుకుని షాపు ముందుకొచ్చారు. మంగలి తనతోపాటు సగం గడ్డం గీసిన కస్టమరుని కూడా తీసుకొచ్చాడు. కళ్ళజోడు లేకుండా రెండో సగం గీయడానికి మంగలికి ధైర్యం లేదు, సగం గడ్డంతో ఇంటికెళ్ళడానికి కస్టమరుకి మొహం లేదు. జిరాక్సు ఆయన ఒకరి జనన ధ్రువీకరణ పత్రం అనుకుని కరెంటు బిల్లు ఇరవై కాపీలు తీశాడట. హెడ్మిస్ట్రెస్ గారు కూడా తిరిగొచ్చి, అందరినీ పొడుగు ప్రకారం వరుసలో నిలబెట్టారు.

సరిగ్గా పన్నెండింటికి వీధి మొదట్లో మామగారు కనపడ్డారు. చంకలో డైరీ, చేతిలో వంకీ పిడి గొడుగు. ఆయన నడకలో ఇవాళ ఎవరికో గట్టిగా బుద్ధి చెప్పబోతున్న హుషారు ఉంది. టీ బండి దాటి రెండడుగులు వేశారో లేదో, గొడుగు ఆగిపోయింది.

మామగారు లాగారు. రాలేదు. వెనక్కి చూశారు. ఎవరూ లేరు. మళ్ళీ లాగారు. ఈసారి గొడుగే ఆయన్ని లాగింది. ముప్పయ్యేళ్ళు పార్సిళ్ళతో కుస్తీ పట్టిన మనిషి, గాలికి ఓడిపోతారా? రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, రెండు చేతులతో గుంజారు. అదే క్షణంలో షాపులో కళ్ళజోళ్ళాయన కోటు జేబు ఎవరో పట్టుకుని ఈడ్చినట్టు గుమ్మం వైపు దూసుకెళ్ళింది. జేబుతోపాటు ఆయన కూడా వెళ్ళాడు. జేబులో చెయ్యి పెడితే రీలు తగిలింది. దారం అయిపోయి, రీలు బిగుసుకుపోయి ఉంది. వేలితో తడిమితే దాని నుంచి బయల్దేరిన దారం, బిర్రుగా, గుమ్మం దాటి వీధిలోకి పోతోంది.

ఆయనకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. గీత, టీ బండి మలుపు, ప్యాంటు, బీరువా.

"మామయ్యా, లాగకండి!" అని అరిచాడు.

"ముందు నువ్వు లాగడం మాను!" అని మామగారు అరిచారు.

"నేను లాగడం లేదు మామయ్యా, నన్నే లాగుతున్నారు!"

పెద్దాయన గొడుగు ఎవరో గుంజుకుంటున్నారనుకుని టీ బండి వాడు వచ్చి ఆయన నడుం పట్టుకున్నాడు. కళ్ళజోళ్ళాయన్ని ఎవరో ఎత్తుకెళ్తున్నారనుకుని ఇటు మంగలి, దర్జీ, సగం గడ్డం ఆయన, మందుల షాపాయన ఒకరి నడుం ఒకరు పట్టుకున్నారు. అటువైపు బస్టాపులో జనం వచ్చి కలిశారు. తాడు మాత్రం ఎవరికీ కనపడదు. హెడ్మిస్ట్రెస్ గారు మధ్యలో నిలబడి, ఏం జరుగుతోందో తెలియకపోయినా పద్ధతిగా జరగాలని, "ఒకటీ... రెండూ... మూడు!" అని లెక్కపెట్టారు. మంగలి షాపులో ఖాళీ కుర్చీ గిర్రున తిరిగింది. దర్జీ బల్ల మూడు కాళ్ళ మీద లేచింది. పైనుంచి ఏదో బరువైనది గది దాటి వస్తున్న చప్పుడు, తరవాత ధడేల్మని ఆగిన చప్పుడు వినిపించింది.

ఇప్పుడు ఆ దారానికి రెండు కొసల్లో రెండు ముడులున్నాయి. ఒకటి పైన బీరువా తాళంచెవి దగ్గర. రెండోది రీలు ఇరుసుకి, మొదట దారం చుట్టినప్పుడు మామగారు స్వయంగా వేసింది. మధ్యలో మామగారి గొడుగు, దాన్ని పట్టుకుని వీధి వీధంతా. ఏదో ఒకటి లొంగాలి.

"ఠప్" మంది. ఇటువైపువాళ్ళు ఇటు, అటువైపువాళ్ళు అటు వెల్లకిలా పడ్డారు. సగం గడ్డం ఆయన మంగలి ఒళ్ళో పడి, అదే మంచిదనుకున్నట్టు లేవలేదు.

హెడ్మిస్ట్రెస్ గారు బల్లమీది తన కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. వంగి, నేలమీద నుంచి ఏదో రెండు వేళ్ళతో పైకెత్తారు. "ఇదిగో నా గీత! నా కంట్లోదన్నారే, నా కంట్లోది!" అని ఊరందరికీ చూపించారు. చూపించిన కొసని అందరూ చూశారు. కళ్ళజోళ్ళు తిరిగి పెట్టుకుని మరీ చూశారు. అది తిన్నగా లేదు. స్ప్రింగులా మెలిదిరిగి ఉంది. ఏడాదిగా డైరీలో అలాంటి కొసని చూసి చూసి ఉన్న వీధి అది, దానికి ఎవరూ వివరించనక్కర్లేదు. కళ్ళజోళ్ళాయన జేబులోంచి ఖాళీ రీలు తీశాడు. ఇరుసు నున్నగా ఉంది.

ఈ క్షణం కోసం ఆయన ఏడాదిగా కలలు కన్నాడు. మామగారి ముడి జారాలి, అదీ నలుగురిలో జారాలి. జారింది. తీరా చూస్తే మామగారు నేలమీద కూర్చుని, చెవులు ఎర్రగా చేసుకుని, పక్కకి పడిపోయిన డైరీని టీ బండి కిందికి నెట్టేస్తున్నారు. కళ్ళజోళ్ళాయనకి ముసలాయన మీద జాలేసింది. అంతకంటే, ఏడాదిగా తను పడ్డది ఆయన ఒక్క నిమిషంలో పడుతున్నారని బాధేసింది.

"దారం పాతదై ఉంటుంది మామయ్యా. తెగిపోయిందంతే" అన్నాడు.

మామగారు తల ఎత్తారు. "తెగలేదు. జారింది. నాకు తెలీదా?" అని లేచి, బట్టలు దులుపుకున్నారు. "నీది మాత్రం నిలబడింది. పద, చూపించు."

ఆ మాటకి కళ్ళజోళ్ళాయన కళ్ళు చెమర్చాయి. ఇద్దరూ మెట్లెక్కారు. వీధి కూడా వెనకాలే ఎక్కింది. బీరువా పడగ్గది దాటి, హాలు దాటి, వీధి గుమ్మానికి అడ్డంగా ఇరుక్కుని నిలబడి ఉంది. దాని వెనక కుర్చీ వేసుకుని ఎక్కినట్టుంది, పైనుంచి భార్య తల ఒక్కటే కనపడుతోంది.

"రండి నాన్నా. లోపలికి రమ్మనలేను గానీ, రండి."

మామగారు తాళంచెవి పట్టుకుని, జేబులోంచి భూతద్దం తీసి ముడిని పరీక్షగా చూశారు. వీధంతా ఆయన భుజాల మీదుగా తొంగిచూసింది. "ఆరు చుట్లు. పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. కొస పెద్ద ఉచ్చులోంచి సరిగ్గా తీశావు. తడిపావు కూడా. శభాష్!" అన్నారు. కళ్ళజోళ్ళాయన వినయంగా నేలచూపులు చూశాడు. లోలోపల తోడల్లుడి నవ్వు మొహం గుర్తు తెచ్చుకుని, దాని మీద స్టాంపు గుద్దాడు.

మామగారి భూతద్దం ఆగిపోయింది.

"చుట్లు ఎడమవైపు తిరిగాయేంటి? నువ్వు ఎడమచేతి వాటమా?"

"కాదు మామయ్యా."

"మరి?"

ఇద్దరూ నెమ్మదిగా తలలెత్తి బీరువా పైకి చూశారు. అక్కడున్న తల పక్కకి తిరిగింది.

"అమ్మాయీ."

"ఏం చేయమంటారు నాన్నా? ఆయన మెట్లు దిగుతుండగానే ఊడిపోయింది. కొసని చిన్న సందులోకి పంపారు గానీ, పెద్ద ఉచ్చులోంచి తీయలేదు. గుమ్మం దగ్గర నేలమీద దొరికింది. మీరొచ్చి చూస్తే పాపం మళ్ళీ చిన్నబోతారని తెచ్చి కట్టేశాను. చెబ్దామని పిలుస్తూనే ఉన్నా. వింటేగా!"

కళ్ళజోళ్ళాయనకి కోపం రావాలి, రాలేదు. తన పరువు కాపాడడానికి ఒక మనిషి పొద్దుటినుంచీ నడిచే బీరువాతో ఒంటరిగా పోరాడిందని తలుచుకుంటే ఆయనకి సిగ్గూ ప్రేమా ఒకేసారి ముంచుకొచ్చాయి.

"నీకీ ముడి ఎవరు నేర్పారు?" అన్నారు మామగారు.

"ఎవరు నేర్పుతారు? మీరే. చిన్నప్పుడు మీ ఆఫీసులో పక్కన కూర్చోబెట్టుకుని పార్సిళ్ళు కట్టించేవారు కదా. నావి ఒక్కటీ ఊడలేదనేవారు." బీరువా మీద చెయ్యి ఆనించి, "పడవలోకి మాత్రం ఎప్పుడూ పిలవలేదు. అల్లుళ్ళొచ్చాక వాళ్ళనే పిలిచారు" అంది. మామూలుగానే అంది. మంగలి మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మామగారు తరవాత కత్తెర అడిగి, ముడికి జానెడు పైన తనే కోశారు. డైరీ తెరిచి, పాత కొసని పీకేసి, తాళంచెవితో సహా ఆ ముడిని పేజీ మధ్య పెట్టి మూయబోయారు. అది మూతపడలేదు.

"రేపు ఐదింటికి బయల్దేరాలి" అన్నారు. ఎవరితో అన్నారో ఎవరూ అడగలేదు.

బీరువాని వెనక్కి నెట్టడానికి వీధి మొత్తానికి సాయంత్రమైంది. ఆదివారం తెల్లారి తండ్రీ కూతుళ్ళు గాలాలు భుజాన వేసుకుని వెళ్ళారు. కళ్ళజోళ్ళాయన వాళ్ళని సాగనంపి, ఫ్లాస్కు మూత రెండుసార్లు బిగించి ఇచ్చి, కిందికొచ్చి షాపులోకెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు. వీధిలో కొత్త కళ్ళజోడు ఉన్న ప్రతివాడూ చూసిన గీత తనకొక్కడికే కనపడలేదన్న సంగతి రాత్రంతా ఆయన్ని తొలిచింది. ఒంటరిగా కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, ఎదురుగా గోడమీది బోర్డు పై వరుస నుంచి అడుగు వరుస దాకా చదివాడు. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

ఇరవయ్యేళ్ళుగా రోజూ వింటున్న బోర్డు కదా, ఆయనకి అది కంఠతా వచ్చు.